పళ్లెంలో ఆగిన సగం రక్తం: సీనాయి నిబంధన ఎలా ఖాయమైంది?

ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి ఇశ్రాయేలీయులను నడిపించుకొచ్చిన మోషే, తెల్లవారుజామునే లేచి సీనాయి కొండ అడుగున బలిపీఠం కట్టాడు. పన్నెండు గోత్రాలకు గుర్తుగా పన్నెండు రాతి స్తంభాలు నిలబెట్టాడు. ఇశ్రాయేలు యువకులు కోడెలను వధించి దహనబలులు, సమాధానబలులు అర్పించారు. ఇంతవరకూ చాలావరకు ఆ కాలంలో చుట్టుపక్కల జాతుల ఆరాధనల్లోనూ కనబడేదే. ఆ తర్వాతిది మాత్రం అరుదైనది. మోషే రక్తాన్ని రెండు సగాలు చేశాడు. ఒక సగం బలిపీఠం మీద చల్లాడు. రెండో సగం పళ్లేల్లో పోసి పక్కన ఉంచి, పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు.

పుస్తకాన్ని జనానికి చదివి వినిపించాడు. విన్నాక వాళ్లు, దేవుడైన యెహోవా చెప్పినవన్నీ చేస్తాం, విధేయులమై ఉంటాం అన్నారు. అప్పుడు మోషే పక్కన పెట్టిన సగం రక్తాన్ని తీసుకుని జనం మీద చల్లి, ఈ మాటలన్నిటి విషయంలో యెహోవా మీతో చేసిన నిబంధన రక్తం ఇదే అన్నాడు. బైబిల్లోని నిర్గమకాండం 24వ అధ్యాయంలో 3 నుంచి 8 వరకు ఉన్న ఆరు వచనాల్లో ఇదంతా అయిపోతుంది. యూదు, క్రైస్తవ సంప్రదాయాలు రెండూ తమ మూలాన్ని వెతుక్కునే ఘట్టానికి ఇంత పొదుపైన కథనం ఉండటం ఆశ్చర్యమే.

ఈ ఘట్టం గురించి రాసినవారిలో ఎక్కువమంది దృష్టి రక్తం మీదే నిలిచింది. అది సహజం. కానీ రక్తం ఎక్కడెక్కడ పడింది అన్నదాంతో సమానంగా, అది ఎప్పుడు ఆగింది అన్నది కూడా చూడాలి. పల్లెల్లో యాటను కోసినప్పుడు పళ్లెంలో పట్టిన రక్తం ఎంత తొందరగా గడ్డకడుతుందో చూసినవారికి తెలుసు. కలియబెడుతూ ఉండకపోతే నిమిషాల్లో చేతికి రాకుండా పోతుంది. అలాంటిదాన్ని పట్టి ఉంచి, ముందు పుస్తకం చదివారు. దేవుని వైపు సగం ముందే పడింది. మనుషుల వైపు సగం వాళ్ల నోటి మాట కోసం కాచుకుని ఉంది. జనం ఒప్పుకోకపోతే ఆ పళ్లేల్లోని రక్తానికి పని లేదు.

తెలుగులో ఈ కథ చదివేవారికి మొదటి చిక్కు మాట దగ్గరే వస్తుంది. 'నిబంధన' అంటే రోజువారీ వాడుకలో షరతు, రూలు. ప్రకటనల అడుగున చిన్న అక్షరాల్లో 'నిబంధనలు వర్తిస్తాయి' అని ఉంటుంది చూడండి, ఆ అర్థం. బైబిల్ రెండు భాగాలకూ పాత నిబంధన, కొత్త నిబంధన అన్న పేర్లు స్థిరపడ్డాయి గనుక, పాత రూళ్ల పుస్తకం, కొత్త రూళ్ల పుస్తకం అనుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. హీబ్రూలో ఉన్న మాట 'బెరీత్'. ఇద్దరి మధ్య కుదిరి, ఇద్దరినీ పట్టి ఉంచే కట్టుబాటు అది. తెలుగులో దీనికి ఇంకో మాట కూడా ఉంది: ఒడంబడిక. నిబంధనలో బంధించడం ఉంది, ఒడంబడికలో ఒడంబడటం, అంటే సమ్మతించడం ఉంది. సీనాయి కొండ కింద జరిగినదాన్ని చెప్పడానికి ఈ రెండు మాటల్లో ఏ ఒక్కటీ చాలదు. బలిపీఠం మీద పడిన సగం నుంచి జనం మీద పడిన సగం దాకా ఉన్న ఆ వ్యవధిలోనే బంధం కాస్తా ఒడంబడిక అయింది.

ఇంకో సంగతి గమనించాలి. జనం ఒక్కసారి కాదు, రెండుసార్లు ఒప్పుకున్నారు. మోషే కొండ దిగివచ్చి నోటితో చెప్పినప్పుడు ఏకకంఠంతో సరే అన్నారు. ఆ తర్వాత అతను ఆ మాటలన్నీ రాశాడు. మర్నాడు పొద్దున రాసినదాన్ని చదివి వినిపించినప్పుడు మళ్లీ సరే అన్నారు. నోటి మాటకూ రాతకూ మధ్య ఒక రాత్రి గడిచింది. మన దస్తావేజుల చివర 'చదివి వినిపించగా విని సమ్మతించి' అనే తరహా మాట ఒకటి ఉంటుంది. చదువు రానివాడి వేలిముద్ర చెల్లాలంటే, రాసింది అతనికి వినిపించి ఉండాలి. మోషే చేసింది అదే. చదవడం రాని పశుల కాపరులు, నిన్నటిదాకా ఇటుకలు చేసిన బానిసలు ఎదురుగా ఉన్నప్పుడు, వినిపించకుండా తీసుకున్న సమ్మతికి విలువ లేదు.

హీబ్రూలో నిబంధన 'చేయడం' అనరు, నిబంధన 'కోయడం' అంటారు. ఆ క్రియ వెనుక చాలా పాత ఆచారం ఉంది. ఆదికాండం 15వ అధ్యాయంలో ఇశ్రాయేలీయుల మూలపురుషుడు అబ్రాము మూడేళ్ల పెయ్యను, మేకను, పొట్టేలును నడిమికి చీల్చి, ఏ ఖండానికి ఎదురుగా దాని జోడు ఖండాన్ని పెడతాడు. పొద్దుగూకాక పొగ లేచే పొయ్యి, మండే కాగడా ఆ ఖండాల మధ్య నుంచి సాగిపోతాయి. మాట తప్పితే ఈ పశువుకు పట్టిన గతే నాకూ పట్టాలని ఒట్టు పెట్టుకోవడం ఇందులోని అర్థం. అక్కడ నడిచింది అబ్రాము కాదు. అతను గాఢనిద్రలో ఉన్నాడు. దేవుని సన్నిధికి గుర్తైన నిప్పే నడిచింది.

ఈ ఆచారం ఇశ్రాయేలుకు మాత్రమే చెందినది కాదు. సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున ఉన్న మారి నగరపు మట్టి పలకల్లో, క్రీ.పూ. 18వ శతాబ్దపు ఉత్తరం ఒకటి దొరికింది. రెండు వర్గాలకు సంధి కుదర్చడానికి వెళ్లిన ఇబాల్-ఎల్ అనే అధికారి తన రాజు జిమ్రీ-లిమ్‌కు రాసినది. ఒప్పందం కోసం కుక్కపిల్లను తెస్తే తాను ఒప్పుకోలేదని, గాడిద పిల్లనే వధింపజేశానని అందులో సగర్వంగా చెప్పుకున్నాడు. ఏ జంతువును కోస్తే ఒప్పందం నిలుస్తుందో అప్పటికే పట్టింపులున్నాయన్నమాట. వెయ్యేళ్ల తర్వాత అస్సిరియా రాజు అషూర్-నిరారి, అర్పాదు పాలకుడు మతిఇలుతో చేసుకున్న ఒప్పందంలో ఒక గొర్రెపిల్ల ఉంది. దాన్ని తెచ్చింది బలికో విందుకో కాదని అందులో స్పష్టంగా రాశారు. ఈ తల గొర్రెపిల్ల తల కాదు, మతిఇలు తల. అతను మాట తప్పితే దీని తల తెగినట్టే అతని తలా తెగాలి. అదే మతిఇలు పేరు సిరియాలో సెఫీరే దగ్గర దొరికిన అరమాయిక్ శాసనాల్లోనూ ఉంది. అక్కడ కోసింది దూడను.

మాట తప్పితే ఏమవుతుందో చూపించడమే ఈ క్రతువుల పని. భయం వాటి బలం. సీనాయి దగ్గర ఎవరూ ఖండాల మధ్య నడవలేదు. రక్తంలో శాపం నీడ ఉండొచ్చు. ఉందని వాదించే పండితులు ఉన్నారు. కానీ రక్తం ఒకే పశువుల నుంచి వచ్చి రెండు వైపులా పడటంలో ఇంకో అర్థం మరింత బలంగా వినిపిస్తుంది. దేహానికి ప్రాణం రక్తంలో ఉందని లేవీయకాండం 17వ అధ్యాయం చెబుతుంది. ఒకే ప్రాణం బలిపీఠానికీ జనానికీ పంచుకోబడితే ఆ రెండు పక్షాలూ ఒక రక్తసంబంధంలోకి వచ్చినట్టు. నెత్తురు పంచుకుని పుట్టినవాళ్లు అనే మాట తెలుగువారికి కొత్త కాదు.

ఇక్కడ అంతగా పట్టించుకోని ఇంకో పోలిక ఉంది. ఇశ్రాయేలు క్రతువుల్లో మనుషుల మీద రక్తం పడటం చాలా అరుదు. అలా పడిన మరో ముఖ్యమైన సందర్భం యాజకుల, అంటే పూజారుల, ప్రతిష్ఠ. మోషే అన్న అహరోనును, అతని కుమారులను యాజకులుగా నియమించినప్పుడు పొట్టేలు రక్తాన్ని వాళ్ల కుడిచెవి కొనకు, కుడిచేతి బొటనవేలికి, కుడికాలి బొటనవేలికి పూసి, వాళ్ల బట్టల మీద చల్లారు. సీనాయికి చేరగానే 19వ అధ్యాయంలో దేవుడు ఈ జనంతో, మీరు నాకు యాజకరూపమైన రాజ్యంగా ఉంటారు అన్నాడు. ఆ మాటను ఈ రక్తంతో కలిపి చదివితే, కొండ కింద జరిగింది ఒక జాతి మొత్తానికి జరిగిన ప్రతిష్ఠలా కనిపిస్తుంది. అర్పించినవాళ్లు 'యువకులు' అని ఉండటం కూడా చిన్న విషయం కాదు. అప్పటికి యాజక వంశం ఇంకా ఏర్పడలేదు.

అంతమంది మీద రక్తం ఎలా చల్లగలడు అన్న ప్రశ్న పాతకాలం నుంచీ ఉంది. అందరి తరఫున పెద్దల మీదో స్తంభాల మీదో చల్లి ఉంటాడని కొందరన్నారు. బైబిల్ మొదటి ఐదు పుస్తకాలైన తోరాకు అరమాయిక్ అనువాదమైన ఓంకెలోస్ తర్గూము అయితే, జనానికి ప్రాయశ్చిత్తంగా బలిపీఠం మీదే చల్లాడని అర్థం మార్చేసింది. మూలంలో మాత్రం జనం మీద అనే ఉంది. ఆ మాటను అలాగే ఉంచడం మంచిది.

ఇక పుస్తకం సంగతి. మోషే చదివిన 'నిబంధన గ్రంథం' అంటే నిర్గమకాండం 20వ అధ్యాయం చివరి నుంచి 23 చివరి దాకా ఉన్న భాగమని పండితులు ఎక్కువమంది భావిస్తారు. దీన్ని రాజుల మధ్య కుదిరిన సంధిపత్రాలతో పోల్చడం గత శతాబ్దంలో మొదలైంది. టర్కీలోని బొఘాజ్‌కొయ్ దగ్గర 1906లో మొదలైన తవ్వకాల్లో ప్రాచీన జాతి హిట్టైట్ల రాజధాని హట్టుసా బయటపడింది, దాంతో పాటు వేల మట్టి పలకలు కూడా. వాటిలోని సంధిపత్రాల నిర్మాణాన్ని విక్టర్ కొరోషెట్స్ 1931లో విశ్లేషించాడు. 1954లో జార్జ్ మెండెన్‌హాల్ ఆ నిర్మాణాన్ని సీనాయి నిబంధన పక్కన పెట్టి చూపించాడు. పెద్ద రాజు ముందు తన పేరు చెప్పుకుంటాడు. తర్వాత తాను చిన్న రాజుకు చేసిన మేలు చెబుతాడు. ఆ తర్వాతే ఏం చేయాలో చెబుతాడు. పది ఆజ్ఞలు మొదలయ్యేది కూడా అలాగే: ఐగుప్తులో దాస్యగృహం నుంచి నిన్ను రప్పించిన నీ దేవుడనైన యెహోవాను నేనే. ఆజ్ఞ కంటే ముందు కృతజ్ఞతకు కారణం వస్తుంది.

సంధిపత్రాన్ని దేవత సన్నిధిలో ఉంచి, అప్పుడప్పుడూ చదివి వినిపించాలన్న షరతు హిట్టైట్ల పత్రాల్లోనూ ఉంది. హిట్టైట్ రాజు సుప్పిలులియుమా, మితాన్ని అనే రాజ్యపు రాజు షత్తివాజాతో చేసుకున్న ఒప్పందంలో అలాంటి మాట కనిపిస్తుంది. పది ఆజ్ఞలున్న సీనాయి రాతి పలకలు మందసం అనే పవిత్రమైన పెట్టెలోకి వెళ్లాయి. ఏడేళ్లకొకసారి పర్ణశాలల పండుగలో ధర్మశాస్త్రాన్ని చదివి వినిపించాలని ద్వితీయోపదేశకాండం 31వ అధ్యాయం ఆదేశించింది.

పోలికలు ఇంత దగ్గరగా ఉన్నా ఒక తేడా అన్నిటికంటే ముఖ్యం. హిట్టైట్ల పత్రాల్లో రెండో పక్షం సాధారణంగా రాజు. షత్తివాజా ఒప్పుకుంటే అతని ప్రజలంతా కట్టుబడాల్సిందే. వాళ్లను ఎవరూ అడగరు. ఏడేళ్లకొకసారి చదివి వినిపించమన్న చోట మోషే పిలవమన్నది రాజును కాదు, పురుషులను, స్త్రీలను, పిల్లలను, ఊళ్లో ఉన్న పరదేశులను. ద్వితీయోపదేశకాండం 29వ అధ్యాయంలో నిబంధనలోకి వచ్చి నిలబడినవారి జాబితా గోత్రాల పెద్దలతో మొదలై, కట్టెలు కొట్టేవాడి దగ్గర, నీళ్లు తోడేవాడి దగ్గర ముగుస్తుంది. దేవుడు ఒక జాతితో, ఆ జాతిలోని కట్టెలు కొట్టేవాడితో సహా, నేరుగా ఒప్పందం చేసుకోవడం ఆ ప్రాచీన లోకంలో అసాధారణం.

మరి ఆ పుస్తకంలో చదివింది ఏమిటి? అక్కడ మనుషుల రోజువారీ బతుకు ఉంది. హెబ్రీ దాసుణ్ణి ఏడో ఏట ఊరికే విడిచిపెట్టాలి. పొడిచే అలవాటున్న ఎద్దని తెలిసీ కట్టేయకపోతే యజమానిదే తప్పు. పరదేశిని బాధించకూడదు, మీరూ ఐగుప్తులో పరదేశులే. విధవరాలిని, తండ్రి లేనివాణ్ణి కష్టపెట్టకూడదు. పేదవాడి పైబట్టను కుదవ పెట్టుకుంటే పొద్దుగూకేలోగా తిరిగి ఇచ్చేయాలి, అతను కప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే, అది లేకపోతే దేన్ని కప్పుకుని పడుకుంటాడు?

ఆ పైబట్ట కాగితం మీది ధర్మం మాత్రమే కాదని చెప్పే సాక్ష్యం 1960లో దొరికింది. ఇశ్రాయేలు తీరంలో మెసాద్ హషవ్యాహు అనే చిన్న కోటలో యోసెఫ్ నావే తవ్వినప్పుడు ఒక కుండపెంకు బయటపడింది. దాని మీద సిరాతో హీబ్రూలో రాసి ఉంది. క్రీ.పూ. ఏడో శతాబ్దం చివరిది. పంట కోసే కూలీ ఒకతను అక్కడి అధికారికి పెట్టుకున్న అర్జీ అది. తాను కోత పూర్తి చేశానని, అయినా ఒక పైవాడు తన బట్ట లాక్కున్నాడని, ఎండలో తనతో కోతకోసినవాళ్లంతా సాక్ష్యం చెబుతారని, తన బట్ట తనకు ఇప్పించమని వేడుకున్నాడు. పద్యం లేదు, ప్రార్థన లేదు. ఒక పైబట్ట, సాక్షులు, న్యాయం. సీనాయి కింద పళ్లేల్లో రక్తం ఆగింది ఇలాంటి మాటలు వినిపించడానికే అనుకుంటే, ఆ ఘట్టం మేఘాల్లోంచి దిగి పొలం గట్టు మీదికి వస్తుంది.

జనం ఇచ్చిన జవాబు హీబ్రూలో రెండు మాటలు: 'నఅసె వెనిష్మా'. చేస్తాం, వింటాం. విధేయులమై ఉంటాం అని తెలుగు బైబిల్ అనువదించింది ఆ రెండో మాటనే. హీబ్రూలో వినడానికీ లోబడటానికీ ఒకటే క్రియ. తెలుగులోనూ అంతే. 'మా వాడు మాట వినడు' అంటే చెవుడని అర్థం కాదు. కానీ వినడానికి ముందు చేస్తాం అనడంలోని తిరకాసును యూదు పండితులు వదల్లేదు. యూదు గురువుల చర్చల సంకలనమైన బాబిలోను తల్ముదులో షబ్బాత్ అనే భాగంలో దీనిమీద అందమైన కథ ఉంది. వినకముందే చేస్తామన్నందుకు ఆరు లక్షల దేవదూతలు వచ్చి ప్రతి ఇశ్రాయేలీయుడి తలమీద రెండు కిరీటాలు కట్టారట. ఒకటి చేస్తామన్నందుకు, ఒకటి వింటామన్నందుకు.

అదే చోట, కాస్త అటూ ఇటూగా, దానికి పూర్తిగా ఎదురైన మాట కూడా ఉంది. దేవుడు కొండను గంగాళంలా ఎత్తి వాళ్ల తలలపై పట్టుకుని, ఒప్పుకుంటే సరే, లేదంటే ఇక్కడే మీ సమాధి అన్నాడని ఒక గురువు చెబుతాడు. వెంటనే ఇంకో గురువు అభ్యంతరం లేవదీస్తాడు. అలాగైతే ఈ ఒడంబడిక చెల్లదని వాదించడానికి అవకాశం ఉన్నట్టే కదా, బెదిరించి చేయించుకున్న ఒప్పందం ఒప్పందమవుతుందా? దానికి రావా అనే గురువు జవాబిచ్చాడు: అయినా పారసీక రాజు అహష్వేరోషు రోజుల్లో వాళ్లు దాన్ని మళ్లీ ఒప్పుకున్నారు. అంటే ఎస్తేరు కాలంలో, కొండ లేదు, ఉరుము లేదు, ఎవరి బలవంతమూ లేదు, అప్పుడు ఇష్టపడి స్వీకరించారు. దేవుని మీదే ఇలాంటి న్యాయప్రశ్న వేసి, దాన్ని పవిత్ర గ్రంథంలో భద్రపరిచిన సంప్రదాయానికి సమ్మతి విలువ ఎంతో తెలుసు.

రక్తం చల్లడంతో ఘట్టం ముగియలేదు. మోషే, అహరోను, అహరోను కొడుకులు నాదాబు, అబీహు, డెబ్బై మంది పెద్దలు కొండెక్కారు. ఇశ్రాయేలు దేవుణ్ణి చూశారు. ఆయన పాదాల కింద నీలమణులు పరిచినట్టు, ఆకాశమంత నిర్మలంగా ఉంది. ఆయన వాళ్లకు ఏ హానీ చేయలేదు. వాళ్లు తిన్నారు, తాగారు. ఈ భాగం వేరే సంప్రదాయం నుంచి వచ్చి ఇక్కడ కలిసిందని విమర్శకులు అంటారు. అతుకు కనబడుతూనే ఉంది. అయినా అతికించినవారికి తెలుసు, ఒప్పందం భోజనంతోనే పూర్తవుతుందని. ఆదికాండంలో ఇస్సాకు, అబీమెలెకు సంధిలో విందు ఉంది. యాకోబు, లాబాను రాళ్లు కుప్పవేసి ఆ కుప్ప దగ్గరే తిన్నారు. తెంచుకోరాని ఒప్పందాన్ని సంఖ్యాకాండం 'ఉప్పు నిబంధన' అంటుంది. ఎవరి ఉప్పు తిన్నామో వాళ్లకు ద్రోహం చేయకూడదన్న తెలుగు మాట ఆ వాక్యాన్ని వ్యాఖ్యానం లేకుండానే విప్పుతుంది.

ఇంత ఘనంగా ఖాయమైన ఒడంబడిక నలభై రోజులు నిలవలేదు. మోషే పలకలతో కొండ దిగేసరికి జనం బంగారు దూడ ముందు ఆడుతున్నారు. పలకలను నేలకేసి కొట్టాడు. దాన్ని కోపంగా చదవడం అలవాటే. అయితే మెసపొటేమియా న్యాయభాషలో 'పలకను పగలగొట్టడం' అంటే ఒప్పందాన్ని రద్దు చేయడం. అప్పు తీరినా, ఒప్పందం చెడినా పత్రపు పలకను పగలగొట్టేవారు. మోషే చేతిలో పగిలింది పత్రమే. 34వ అధ్యాయంలో రెండో జత పలకలు వచ్చినప్పుడు బలి లేదు, రక్తం లేదు, జనం ఒప్పుకోలు కూడా లేదు. యెహోవా కనికరం, దయ, దీర్ఘశాంతం గలవాడని ఒక ప్రకటన మాత్రం ఉంది. మొదటిసారి మనుషుల మాట మీద నిలిచింది కూలిపోయింది గనుక, రెండోసారి దేవుని కనికరం మీద నిలిపారు.

ఇదంతా చరిత్రలో ఎప్పుడు, ఎక్కడ జరిగిందన్న చర్చ వేరు. సీనాయి కొండ ఏదన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. ఈజిప్టులోని జెబెల్ మూసా అని సంప్రదాయం చెబుతుంది. దాని పాదం దగ్గర ఆరో శతాబ్దంలో కట్టిన సెయింట్ కాథరిన్ మఠం నేటికీ ఉంది. ఎడారిలో ఇశ్రాయేలీయుల సంచారానికి పురావస్తు ఆధారాలు దొరకలేదు. అయితే ఈ నిబంధనను ఒక జాతి తన జ్ఞాపకంగా మోసి, దానితో తన రాజులను నిలదీసిందన్న దానికి మాత్రం ఆధారాలు బలంగా ఉన్నాయి.

అందులో చేదైనది ప్రవక్త యిర్మీయా గ్రంథం 34వ అధ్యాయంలో ఉంది. బాబిలోను సైన్యం యెరూషలేమును ముట్టడించింది. యూదా రాజైన సిద్కియా, అధిపతులు దూడను రెండుగా కోసి, దాని ఖండాల మధ్య నడిచి, హెబ్రీ దాసులను విడిచిపెడతామని నిబంధన చేశారు. విడిచిపెట్టారు కూడా. ఐగుప్తు సైన్యం వస్తోందని ముట్టడి సడలింది. వెంటనే విడిచినవాళ్లను పట్టి మళ్లీ దాసులను చేసుకున్నారు. యిర్మీయా వాళ్లకు ఐగుప్తు నుంచి రప్పించిన రోజున చేసిన నిబంధనను, ఏడో ఏట విడుదలను గుర్తు చేశాడు. పొలంలో బట్ట పోగొట్టుకున్న కూలీ కోరిన న్యాయం లాంటిదే ఇదీ. మీరు నడిచిన ఆ దూడలాగే మిమ్మల్ని చేస్తానని దేవుడు అంటున్నాడని ప్రకటించాడు.

ఆ తర్వాత రక్తం దారి ఒకటి, పుస్తకం దారి ఒకటి అయ్యాయి. హీబ్రూ బైబిల్లో నిబంధన సందర్భంగా జనం మీద రక్తం చల్లడం సీనాయి తర్వాత మళ్లీ కనబడదు. ఆ దారి చివరికి యెరూషలేములో ఒక మేడగదికి చేరింది. యేసు గిన్నె ఎత్తి, ఇది నా నిబంధన రక్తం అన్నప్పుడు ఆయన పలికింది మోషే మాటే. నెలకొకసారి ప్రభువు బల్ల దగ్గర గిన్నె అందుకునే తెలుగు విశ్వాసి చెవిన పడేదీ అదే మాట. చేతిలో ఉన్నది రక్తంలో మిగిలిన రెండో సగం అని ఎంతమందికి తడుతుందో.

పుస్తకం దారి మరోలా సాగింది. క్రీ.పూ. 622లో యెరూషలేము దేవాలయంలో ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. యూదా రాజైన యోషీయా దగ్గర దాన్ని చదివినవాడు షాఫాను అనే లేఖికుడు. రాజు దాన్ని జనమంతా వినేలా చదివి, స్తంభం దగ్గర నిలబడి నిబంధన చేశాడు. జనమంతా 'నిబంధనలో నిలబడ్డారు' అని హీబ్రూ మూలం. బలి లేదు, పళ్లేలు లేవు. చదవడం, వినడం, నిలబడటం. షాఫాను కొడుకు గెమర్యా. తర్వాతి కాలంలో యెహోయాకీము రాజు యిర్మీయా గ్రంథపుచుట్టను చదివించుకుంటూ, చదివిన కొద్దీ కత్తితో కోసి కుంపట్లో పడేస్తుంటే, కాల్చవద్దని వేడుకున్న కొద్దిమందిలో ఈ గెమర్యా ఒకడు. రాజు వినలేదు.

1982లో యెరూషలేములోని దావీదు పట్టణంలో యిగల్ షీలో తవ్వకాల్లో ఒకేచోట యాభై ఒక్క మట్టి ముద్రలు దొరికాయి. పపైరస్ పత్రాన్ని చుట్టి, దారం కట్టి, ముడి మీద తడిమట్టి పెట్టి ముద్ర నొక్కేవారు. వాటిలో ఒకదాని మీద 'షాఫాను కుమారుడు గెమర్యాహు' అని ఉంది. ఇతడే ఆ గెమర్యా అని చాలామంది పండితుల అభిప్రాయం. బాబిలోను సేన నగరాన్ని తగలబెట్టినప్పుడు పత్రాలన్నీ కాలిపోయాయి. అదే మంటలో ఆ మట్టి ముద్దలు ఇటుకల్లా కాలి గట్టిపడి, రెండున్నర వేల ఏళ్లు నిలిచాయి.

బాబిలోను చెర నుంచి తిరిగివచ్చినవాళ్లు క్రీ.పూ. ఐదో శతాబ్దంలో నిబంధనను ఖాయపరిచినప్పుడు ముద్రలే వేశారు. నెహెమ్యా 10వ అధ్యాయం ముద్ర వేసినవారి పేర్లు వరుసగా ఇస్తుంది: అధికారి నెహెమ్యా, యాజకులు, దేవాలయ సేవకులైన లేవీయులు, జనుల పెద్దలు, ఎనభైకి పైగా పేర్లు. ముద్ర లేనివాళ్లు, అంటే ద్వారపాలకులు, గాయకులు, వాళ్ల భార్యలు, కొడుకులు, కూతుళ్లు, తెలివీ బుద్ధీ గలవారంతా ప్రమాణంలో కలిశారు. అర్థం చేసుకోగలిగినవారంతా అన్న ఆ చిన్న మాట సీనాయి కింద చదివి వినిపించడానికి ఆగిన ఆ పళ్లేల దగ్గర నుంచే వస్తోంది. వాళ్లు ఒప్పుకున్నవి కూడా అలాగే ఉన్నాయి. విశ్రాంతిదినాన సరుకు అమ్మవచ్చినవాళ్ల దగ్గర కొనకూడదు. ఏడో ఏట పొలం బీడు పెట్టి, బాకీలు వదిలేయాలి. దేవాలయానికి ఏటా తులంలో మూడో వంతు ఇవ్వాలి. బలిపీఠం మీద మండే కట్టెలు ఏ ఇంటివాళ్లు ఏ కాలంలో తేవాలో తేల్చుకోవడానికి యాజకులు, లేవీయులు, జనులు కలిసి చీట్లు వేసుకున్నారు.